ఊదారంగు గడి

"మీ ఫ్యాక్టరీలో ఒక్కరికి కూడా ఒక్క పర్మిషన్ ఎక్కువ లేదా మేడమ్?" అన్నాడు త్రివిక్రమ్.

కిరణ్మయి తల ఎత్తకుండానే, "ఏటీ?" అంది.

అతనికి 'ఎటు' అని వినిపించింది.

"ఇటు మేడమ్. ఇటు చూడండి" అని లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

అప్పుడు తల ఎత్తింది. ఎత్తి, అతన్ని కింది నుంచి పైదాకా చూసి, నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "ఏటి అంటే ఏమిటి అనండీ. ఎటు అని కాదు. మీది హైదరాబాదా?"

"వరంగల్."

"అయితే ఠీక్ హై. మెల్లగా అలవాటవుతాది."

హైదరాబాదులోని ఒక ఆడిట్ కంపెనీ అతన్ని బెంగాల్లోని ఖరగ్‌పూర్ పంపించి రెండు రోజులయింది. ఊరి బయట రైలు పెట్టెలకు స్ప్రింగులు తయారు చేసే ప్రైవేటు ఫ్యాక్టరీ. అందులో ఎవరికి ఏ ఫైలు తెరిచే హక్కుంది, ఎవరికి ఉండకూడదు అన్నది తేల్చడం అతని పని. ఫ్యాక్టరీ వాళ్ల దగ్గర అప్పటికే ఒక షీట్ ఉంది. ఒక్కో ఉద్యోగికి ఒక్కో వరస, పక్కనే వాళ్లకున్న హక్కులు. దాన్ని కిరణ్మయి చూసుకుంటుంది; హెచ్.ఆర్. మొత్తం ఆమే. త్రివిక్రమ్ దానికి చివర ఒక కాలమ్ కలిపి, సెక్షన్ హెడ్లందరినీ 'కీప్' అనో 'రిమూవ్' అనో రాయమన్నాడు. అందరూ కీప్ రాసి చేతులు దులుపుకున్నారు.

"క్యాంటీన్లో మీరంతా దాదా అని పిలిచే పెద్దాయనకి జీతాల ఫైలు చూసే హక్కుందట. దానికీ కీప్ అంట! ఇదేం లెక్క?"

"ఆయనకి కంప్యూటర్ ఆన్ చెయ్యడమే రాదండీ."

"రానప్పుడు హక్కెందుకు?"

"పోనీ, మీరొచ్చినారు కదా, నేర్పించండి."

ఈసారి అతనికే నవ్వొచ్చింది. నవ్వుతూనే షీట్‌లో కిందికి వెళ్లాడు. "మరి ఇదేంది? అందరికీ రాశారు, ఈ ఒక్క వరస ఖాళీగా ఉంది. ఫణీంద్ర, డిజైన్ సెక్షన్."

ఆమె ముఖంలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"అది నేను చూసుకుంటాను. దాన్ని ముట్టుకోకండి" అని బయటికి వెళ్లిపోయింది. కిటికీ అవతల వాన మొదలైంది.

*

సాయంత్రం ఆఫీసు ఖాళీ అయింది. ఊళ్లోని రైల్వే వర్క్‌షాప్ సైరన్ గాలివాటాన అక్కడిదాకా వినిపించింది. త్రివిక్రమ్ గెస్టులకిచ్చే చిన్న గదిలో కూర్చుని షీట్ చూసుకుంటున్నాడు.

ఆ షీట్ పదిమంది ఒకేసారి తెరవొచ్చు. ఎవరు తెరిస్తే వాళ్ల పేరుతో ఒక రంగు గీత, వాళ్లున్న గడి చుట్టూ పెట్టెలా కనబడుతుంది. అతనిది నీలం. పక్క గదిలో ఉన్న కిరణ్మయిది ఆకుపచ్చ.

సైరన్ ఆగిన కాసేపటికి ఇంకో పెట్టె వచ్చింది. ఊదారంగు. దాని మీద పేరు: ఫణీంద్ర.

అది కిరణ్మయి పేరున్న గడి చుట్టూ నిలబడి ఉంది. కదలడం లేదు.

'మంచిదే, మనిషి దొరికాడు' అనుకున్నాడు త్రివిక్రమ్. ఆ పక్క ఖాళీ గడిలో, 'ఫణీంద్ర గారూ, మీ మేనేజర్ ఎవరు? మీ వరస ఖాళీగా ఉంది' అని రాశాడు.

ఊదారంగు పెట్టె జరిగి అతను రాసిన గడిలోకి వచ్చింది. తర్వాత అతని వాక్యం చివరి అక్షరం చెరిగిపోయింది. ఆ ముందుది కూడా. ఎవరో వేలితో నెమ్మదిగా తుడుస్తున్నట్టు, మొత్తం వాక్యం వెనక నుంచి ముందుకి కరిగిపోయి గడి ఖాళీ అయింది. పెట్టె మళ్లీ కిరణ్మయి పేరు మీదికి వెళ్లింది. ఇంకొంచెంసేపు ఉండి మాయమైంది.

'పొగరుబోతు' అనుకున్నాడు. అనుకున్నాడే గానీ, గదిలో ఎందుకో చల్లగా అనిపించి ఫ్యాన్ ఆపాలని లేచాడు. ఫ్యాన్ తిరగడం లేదు.

మర్నాడు పొద్దున్నే మేనేజర్ కృపారావును అడిగాడు. "సార్, మీ డిజైన్ సెక్షన్ ఫణీంద్రతో ఒకసారి మాట్లాడాలి."

కృపారావు టీ కప్పు కింద పెట్టేశాడు. "ఎవరితో?"

"ఫణీంద్ర..."

"కిందటేడు వానల్లో హైవే మీద లారీ గుద్దేసింది బాబూ అతన్ని. బంగారం లాంటి కుర్రాడు. నేనే ఎళ్లి చూసినాను." ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏటీ, పేరింకా లిస్టులో ఉందా?"

"ఉంది సార్" అన్నాడు త్రివిక్రమ్.

*

త్రివిక్రమ్ దయ్యాల్ని నమ్మే మనిషి కాదు. చనిపోయిన మనిషి ఐడీతో ఎవరో బతికున్న మనిషి లోపలికి వస్తున్నారన్నమాట. ఇలాంటిది పట్టుకోవడానికే కదా తనను పంపింది! ఎవరు వస్తున్నారు? సాయంత్రం దాకా ఆఫీసులో ఉండేది ఎవరు? ఆ వరస ముట్టుకోవద్దన్నది ఎవరు?

జవాబు అతనికి నచ్చలేదు. నిన్నటి నుంచి ఆ అమ్మాయి పెదవి కొరుక్కోవడం అతనికి ఊరికే గుర్తొస్తోంది మరి.

ఆ సాయంత్రం సైరన్ మోగగానే చప్పుడు చేయకుండా ఆమె గది దాకా వెళ్లి అద్దం తలుపు బయట నిలబడ్డాడు.

లోపల లైటు వెయ్యలేదు. లాప్‌టాప్ వెలుగు ఒక్కటే ఆమె ముఖం మీద పడుతోంది. తెరమీద ఊదారంగు పెట్టె ఆమె పేరు చుట్టూ నిలబడి ఉంది. కిరణ్మయి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కీబోర్డు మీద చెయ్యి లేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఎదురుగా కూర్చున్న మనిషికి ఆ రోజు కబుర్లు చెబుతున్నట్టు, మధ్యలో ఆగి, తల ఊపి, మళ్లీ చెబుతోంది.

త్రివిక్రమ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. చెయ్యి తగిలి తలుపు కిర్రుమంది.

ఆమె గిరుక్కున తిరిగింది. తెరమీద పెట్టె మాయమైంది.

భయాన్ని కప్పుకోవడానికి అతనికి దొరికింది కోపమే. "మేడమ్, ఆ ఐడీ మీరే వాడుతున్నారా?"

"ఏటి?"

"ఇంకో ఫోన్ నుంచో, ఇంకో మెషిన్ నుంచో... చనిపోయిన మనిషి పేరుతో లాగిన్ అవడం చిన్న విషయం కాదు. నేను రిపోర్టులో రాయాల్సి వస్తది."

కిరణ్మయి లేచి నిలబడింది. "నా చేతులు ఎక్కడున్నాయో అంతసేపు చూసినారు కదా. కళ్లతో చూసి కూడా అడుగుతున్నారా? రాసుకోండి. ఏటి రాసుకుంటారో రాసుకోండి."

బ్యాగు తీసుకుని వానలోకి నడిచి వెళ్లిపోయింది. గొడుగు బల్ల మీదే మరిచిపోయింది.

చీకటి గదిలో, ఆమె కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ వేసి ఉండటం అప్పుడు గమనించాడు. గొడుగు తీసుకుని పరుగెత్తాడు.

*

గేటు బయట టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కబోతుంటే అందుకున్నాడు.

"గొడుగు" అన్నాడు ఆయాసపడుతూ.

"పూర్తిగా తడిసిపోయినాక తెచ్చినారు. థ్యాంక్స్."

"సారీ కూడా తెచ్చాను."

ఆమె సీటులో కొంచెం జరిగింది.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ల దగ్గర దిగారు. కిరణ్మయి వాళ్ల నాన్న వర్క్‌షాప్‌లో పనిచేస్తాడు. తాత కూడా అక్కడే చేశాడట, విజయనగరం వైపు నుంచి వచ్చి. సందులో మోకాళ్ల కింది దాకా నీళ్లు పారుతున్నాయి. ఏదో ఇంట్లోంచి తెలుగులో తిట్లు, ఇంకో ఇంట్లోంచి బెంగాలీ సీరియల్ వినిపిస్తున్నాయి. ఒకే గొడుగు కింద ఇద్దరికీ చెరో భుజం తడుస్తోంది.

"కిందటేడు మాఘమాసంలో ఫణీకీ నాకూ నిశ్చితార్థం అయినాది" అంది ఉన్నట్టుండి. "శ్రావణంలో ఆడు ఎళ్లిపోయినాడు."

త్రివిక్రమ్ ఆగిపోయాడు.

"ఉద్యోగం వదిలేసిన ఎవరి పేరైనా తీసెయ్యాల్సింది నేనే కదా. అందరివీ తీసినాను. ఆడిది తియ్యలేకపోయినాను. రిమూవ్ అని నాచేత్తో ఎలా రాస్తానండీ? మీరైతే రాస్తారా?"

అతను గొడుగు ఆమె వైపు ఇంకాస్త వంచాడు.

"ఆ షీట్ నాకు చేసి ఇచ్చింది కూడా ఆడే. పోయిన కొన్నాళ్లకి ఒక సాయంత్రం ఊరికే తెరిచి కూర్చున్నాను. ఊదారంగులో వచ్చినాడు. వచ్చి నా పేరు మీద నిలబడినాడు." ఆమె గొంతు మామూలుగానే ఉంది, ఆ మామూలుతనానికే అతనికి ఒళ్లు జలదరించింది. "అప్పట్నుంచీ దాదాపు రోజూ వస్తాడు. కాసేపుంటాడు, ఎళ్లిపోతాడు. ఇంట్లో సంబంధాలు చూసి చూసి విసిగిపోయినారు. సాయంత్రాలు నేనెక్కడికీ ఎళ్లను. ఎళ్లిపోతే, ఆడొచ్చి చూసుకుంటాడు కదా. నేను లేకపోతే ఏటనుకుంటాడు?"

వాన గొడుగు మీద గట్టిగా పడుతోంది. త్రివిక్రమ్‌కు భయం వేసింది, జాలి వేసింది. వాటి అడుగున ఇంకోటి కూడా ఉంది. లేని మనిషి మీద అసూయ పడుతున్నందుకు తన మీద తనకే సిగ్గు వేసింది.

"మేడమ్, ఒకటి చెప్పనా? దయ్యాలకు లాగిన్ అక్కర్లేదు. లాగిన్ అయ్యేది మనుషులే. ఇందాక టోటోలో నా ఫోన్లో రికార్డు తీసి చూశాను. ఆ ఐడీ ఫ్యాక్టరీలోంచి రావట్లేదు. ఊళ్లోంచి వస్తోంది. ఆయన లాప్‌టాప్ ఎక్కడుంది?"

కిరణ్మయి అతని వైపు తిరిగింది. ఆ ప్రశ్న ఏడాదిగా తనను తాను ఎప్పుడూ అడగలేదని ఆ ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"ఖరిదా పేటలో" అంది. "ఆళ్లింట్లో. అత్త దగ్గర."

*

మర్నాడు దీపాలు పెట్టే వేళకి ఇద్దరూ ఖరిదా వెళ్లారు. బజారు సందులో చిన్న మేడ. కిరణ్మయి గుమ్మం దగ్గర తటపటాయించింది. "నేనొచ్చి చాన్నాళ్లయినాది. ఆవిడ ముఖం చూడలేకపోయినాను" అంది మెల్లగా.

తలుపు దగ్గరగా వేసి ఉంది. ఫణీంద్ర తల్లి రాధారాణి గోడకున్న కొడుకు పటం కింద దీపం వెలిగిస్తోంది. కింద చిన్న బల్ల మీద లాప్‌టాప్. దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, ఆవిడ లాప్‌టాప్ మూత ఎత్తింది.

త్రివిక్రమ్ చేతిలో ఫోన్ ఉంది. ఫోన్లో షీట్ తెరిచి ఉంది. ఊదారంగు పెట్టె వచ్చి కిరణ్మయి పేరు మీద నిలబడింది.

అతను హమ్మయ్య అని గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ చప్పుడుకి రాధారాణి తిరిగి చూసింది.

"కిరణూ! నువ్వేనేటే? రా అమ్మీ. ఎన్నాళ్లయినాదే... ఈ బాబెవరు?"

అంతా చెప్పడానికి కొంత సమయం పట్టింది. ఆవిడ సగంలోనే కంగారుపడిపోయింది.

"నాను ఏటీ నొక్కను బాబూ! నాకేటి తెలుసు? దీపం ఎట్టినాక ఇదీ తెరుస్తాను. ఆడి బొమ్మ వస్తాది. ఆడు ఎప్పుడూ ఇలాగే తెరిసి కూకునేవోడు. పోయినోడి గదిలో ఎలుతురుండాలి గదా! కాసేపు సూసి మూసేస్తాను. దుమ్ము పడతాదని ఇలాగ తుడుస్తాను, అంతే."

చీర కొంగుతో మీటల మీద తుడిచి చూపించింది. తెర మీద చివరిసారి ఫణీంద్ర కిరణ్మయి పేరు దగ్గర తెరిచి వదిలేసిన షీట్ అలాగే ఉంది. దాని వెనక కొంచెంగా కనబడుతూ ఫోటో: ఫణీంద్ర, కిరణ్మయి, ఎక్కడో స్టేషన్ బెంచీ మీద.

త్రివిక్రమ్ తను రాసిన వాక్యం అక్షరం అక్షరం చెరిగిపోవడం తలుచుకున్నాడు. కొంగు. ఇంతేనా?

కిరణ్మయి నేల మీద కూలబడి ఆవిడ ఒళ్లో తల పెట్టేసింది.

"అయితే ఇన్నాళ్లూ సాయంత్రం పూట నేను కూర్చున్నది నీతోనా అత్తా?"

"ఏటమ్మీ?"

"నువ్విక్కడ, నేనక్కడ... ఇద్దరం ఒకే దాన్ని చూస్తూ కూర్చున్నాం అత్తా."

రాధారాణికి పూర్తిగా అర్థం కాలేదు. అయినా ఆ పిల్ల తల నిమురుతూ తనూ ఏడ్చింది. త్రివిక్రమ్ వరండాలోకి వెళ్లి, వాన చూస్తున్నట్టు నిలబడ్డాడు.

కొంతసేపటికి ఆవిడే లాప్‌టాప్ తెచ్చి అతని చేతిలో పెట్టింది. "కంపెనీది గదా. తీస్కెళ్లు. ఈ పిల్లకి మాట రాకూడదు. ఆడి బొమ్మ మాత్తరం ఎలాగోలాగ తీసి ఇయ్యి బాబూ."

"పెద్దగా చేయించి తెస్తానమ్మా" అన్నాడు.

తిరిగి వస్తుంటే దారంతా కిరణ్మయి తేలిగ్గా ఉంది. టోటో ఆపించి ఝాల్‌మూరి కొంది. ఒక గుప్పెడు కారం మరమరాలు నోట్లో వేసుకుని అతన్ని చూసి నవ్వింది.

"దయ్యాలకి లాగిన్ అక్కర్లేదు అన్న పెద్దమనిషి, ఆ ఇంటి గుమ్మం ఎక్కుతా నా చున్నీ ఎందుకు పట్టుకున్నారండీ?"

"నేనా? జారకుండా పట్టుకున్నా. మెట్లు తడిగా ఉన్నాయి."

"చున్నీ పట్టుకుంటే మెట్లు ఆరిపోతాయా?"

"వరంగల్‌లో ఆరిపోతాయి."

ఆమె పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, అతని వైపు ఒక క్షణం ఎక్కువ చూసి, ముఖం పక్కకి తిప్పుకుంది. "రేపు నేనే రాస్తాను. రిమూవ్ అని" అంది.

*

మర్నాడు పొద్దున త్రివిక్రమ్ ఫోటో కాపీ చేసుకుని, లాప్‌టాప్ ఆపేసి, తన గదిలోని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. కృపారావుతో చెప్పించి ఫణీంద్ర ఐడీ పాస్‌వర్డ్ మార్పించాడు. ఇక ఆ పేరుతో ఎవరూ లోపలికి రాలేరు. షీట్‌లో ఒక్క మాట రాయడమే మిగిలింది. అది కిరణ్మయి రాయాలి.

ఆమె రోజంతా వాయిదా వేసింది. సాయంత్రానికి అతని గదికి వచ్చి, "మీరు పక్కన ఉంటే రాస్తాను" అంది. లాప్‌టాప్ తెరిచి, ఫణీంద్ర వరస దగ్గర చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయింది.

సైరన్ మోగింది. ఆగింది.

ఊదారంగు పెట్టె వచ్చింది.

త్రివిక్రమ్ లేచి బీరువా తెరిచాడు. లాప్‌టాప్ అక్కడే ఉంది. మూత మూసి ఉంది. ముట్టుకుంటే వానలో తడిసిన రాయిలా చల్లగా తగిలింది. ఖరిదాకి ఫోన్ చేశాడు. "ఏటి బాబూ? నాను వంటింట్లో ఉన్నాను" అంది రాధారాణి. అతను తన లాప్‌టాప్‌లో లాగిన్ రికార్డు తీశాడు. అందులో ఫణీంద్ర పేరే లేదు. షీట్ తెరిచి ఉన్నది వాళ్లిద్దరే.

"కిరణ్మయీ, లేవండి. బయటికి పోదాం."

ఆమె లేవలేదు. "ఉండండి. ఈరోజు కదులుతున్నాడు" అంది.

నిజమే. కిరణ్మయి పేరు మీద నుంచి ఊదారంగు పెట్టె కిందికి దిగుతోంది. ఒక్కో వరసా ఆగి ఆగి, చదువుకుంటూ వెళ్తున్నట్టు. అందరినీ దాటి అట్టడుగు వరస దగ్గర నిలబడింది. ఆడిటర్‌కి తాత్కాలికంగా ఇచ్చిన ఐడీ అది. త్రివిక్రమ్ పేరు.

గదిలో చలి పెరిగింది. కిటికీ అద్దం లోపలి వైపు ఆవిరి పట్టింది.

పెట్టె ఆ పేరు మీద చాలాసేపు ఉంది. ఎదురుగా కూర్చుని ఎవరో తన ముఖంలోకి తేరిపార చూస్తున్నట్టే అనిపించింది అతనికి. చూపు తిప్పుకోవాలనిపించింది, తిప్పుకోలేదు. ఎందుకో, తిప్పుకోకూడదనిపించింది.

పెట్టె చివరి కాలమ్‌లోకి జరిగింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. కీప్.

"అన్నీ చిన్నక్షరాలే" అంది కిరణ్మయి. "ఆడంతే. ఎప్పుడూ పెద్దక్షరం కొట్టడు. ఎన్నిసార్లు చెప్పినా..."

పెట్టె పైకి లేచి తన సొంత వరసకు వెళ్లింది. ఖాళీగా ఉన్న ఆ చివరి గడిలో నిలబడింది. ఏమీ రాయలేదు. ఎదురుచూస్తోంది.

ఎవరి కోసమో త్రివిక్రమ్‌కు అర్థమైంది. ఈ మాట ఆమెదే.

కిరణ్మయి కళ్ల నీళ్లు తుడుచుకోలేదు. తెర దగ్గరగా వంగింది.

"ఫణీ" అంది. "నేనే రాద్దామనుకున్నాను రా. చెయ్యి రాలేదు." కాస్త ఆగింది. "సరే. ఎళ్లు. నేను బాగుంటాను."

అక్షరాలు పడ్డాయి, నెమ్మదిగా. రిమూవ్.

ఊదారంగు పెట్టె ఒక్క క్షణం ఆమె పేరు మీదికి వచ్చింది. తర్వాత ఎక్కడా లేదు.

వాన చప్పుడు మళ్లీ వినిపించింది. అంతసేపూ వినిపించలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. కిరణ్మయి చెయ్యి త్రివిక్రమ్ చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఇద్దరికీ తెలియదు. వదిలిపెట్టాలన్న తొందర కూడా ఎవరికీ ఉన్నట్టు లేదు.

ఆ గడి ఎవరు మార్చారో చూపించే చోట ఏ పేరూ లేదు. త్రివిక్రమ్ దాన్ని ఒకసారి చూసి మూసేశాడు. ఉద్యోగంలో చేరాక అతను వెంటపడకుండా వదిలేసిన మొదటి సంగతి అదే.

మిగతాదంతా రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాడు. చనిపోయిన ఉద్యోగి ఐడీ ఏడాదిగా తెరిచి ఉందని, లాప్‌టాప్ వెనక్కి తీసుకోలేదని. రాసే ముందు కిరణ్మయికి చూపించాడు. "రాయండి. నిజమే కదా" అంది. కృపారావు ఆమెకి మెమో ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ఆయనే తల దించుకున్నాడు. క్యాంటీన్ దాదాకి జీతాల ఫైలు హక్కు తీసేశారు. తనకు అలాంటి హక్కొకటి ఉండేదని ఆయనకు అప్పుడే తెలిసి, రెండు రోజులు బాధపడ్డాడు.

*

హైదరాబాదు రైలెక్కే రోజు మధ్యాహ్నం త్రివిక్రమ్ ఫోటో పటం కట్టించి ఖరిదా తీసుకెళ్లాడు. కిరణ్మయి అప్పటికే అక్కడ ఉంది, వంటింట్లో. రాధారాణి పటం అందుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఇద్దరికీ భోజనం వడ్డిస్తూ చెప్పింది.

"మొన్న నువ్వు ఫోన్ సేసినావు సూడు బాబూ, ఆ రోజు. పొయ్యి కాడ ఉన్నాను. ఫోన్ ఎట్టేసినాక కొంతసేపటికి గుమ్మంలో ఆడి గొంతు ఇనబడినాది."

కిరణ్మయి చేతిలో ముద్ద ఆగింది.

"ఆడు డూటీకి ఎల్లేటప్పుడు ఎప్పుడూ ఎల్లొస్తానమ్మా అనేవోడు. ఆ లారీ గుద్దిన రోజు కూడా అలాగే అన్నాడు. అందుకే గావాల, ఆడు రాకుండా ఉండలేకపోయినాడు. నానూ గుమ్మం ఏపు సూత్తానే ఉన్నాను." ఆవిడ గొంతు వణకలేదు. "మొన్న అలాగ అనలేదు. ఎల్తన్నానమ్మా అన్నాడు. అంతే. నానూ సరే నాయినా అన్నాను. ఆ రేత్తిరి నిద్ర పట్టినాది."

రాధారాణి త్రివిక్రమ్ విస్తట్లో ఇంకొంచెం పప్పు వేసింది.

"ఈ పిల్ల నా ఇంటికి రావలసిన పిల్ల" అంది. "ఇంకో ఇంటికి ఎల్లినా నా పిల్లే. ఆళ్ల నాన్నతో నాను మాటాడతాను. నీకు ఇష్టమయితేనే బాబూ. మొహమాటం లేదు."

త్రివిక్రమ్‌కు ముద్ద గొంతులో అడ్డం పడింది. కిరణ్మయి నీళ్లగ్లాసు అతని ముందు పెట్టి, "అత్తా, ముందు తిననియ్యి. రైలు టైమవుతోంది" అంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

వాన కాస్త తెరిపిచ్చింది. బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి, త్రివిక్రమ్ వాళ్లింట్లో అలవాటైన మాటే అన్నాడు.

"పోతున్నానమ్మా."

"అలాగనకు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అతను బిత్తరపోయాడు. వెంటనే అర్థమై, నాలుక కరుచుకున్నాడు. "పోయొస్తా" అన్నాడు. తర్వాత కిరణ్మయినే చూస్తూ, "పోయొస్తా. మా అమ్మను తీసుకుని దసరాకి వస్తా" అన్నాడు.

కిరణ్మయి గుమ్మం దాకా వచ్చి గొడుగు అతని చేతిలో పెట్టింది.

"దసరాకి ఈ ఊరి రైళ్లలో కాలు పెట్టలేరు" అంది. "అంతకంటే ముందే రండి."